పిండిపెట్టెలో దాచిన బంతి

నా భర్త ఏదో ఒక రోజు నా ముఖం చూసి "ఎవరమ్మా నువ్వు?" అని అడుగుతాడేమోనన్నదే నాకున్న అన్నిటికన్నా పెద్ద భయం.

ల్యూబెన్‌కి ముప్పై మూడేళ్లు. పదహారేళ్లుగా ఫుట్‌బాల్ ఆటలో బంతిని తలతో కొట్టడమే అతని పని. వెనక వరుసలో నిలబడి, ఎత్తుగా వచ్చే ప్రతి బంతినీ నుదుటితో తిప్పి పంపేవాడు. రాజధాని సోఫియాలో నాలుగేళ్లు, సైప్రస్‌లో ఒక ఏడాది పెద్ద జట్లకు ఆడాడు. జాతీయ జట్టు నుంచి పిలుపు వస్తుందని ఒక వేసవంతా టెలిఫోను పక్కనే పడుకున్నాడట. రాలేదు. మోకాలు దెబ్బతిన్నాక డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న మా ఊరి జట్టుకే తిరిగొచ్చాడు.

నేను పదో తరగతి మధ్యలో బడి మానేసి రొట్టెల దుకాణంలో చేరిన ఏడాదే అతన్ని మొదట చూశాను. నది మీంచి మంచు మైదానంలోకి దిగేది. మనిషి కనిపించేవాడు కాదు. తల ఒక్కటే పైకి లేచి, బంతిని ముద్దాడినట్టు తాకి, మళ్లీ మంచులో మునిగిపోయేది. ఎన్నో ఆదివారాలు ఆ తల కోసమే వెళ్లాను.

అన్నేళ్ల బంతి దెబ్బలకేమో, ఈ ఏడాది ఆ మంచు అతని తలలోకే దిగినట్టుంది. పొయ్యి మీద కాఫీ పెట్టి, ఎందుకు పెట్టాడో మరిచిపోతాడు. పుట్టి పెరిగిన వీధి మలుపులో ఆగి, ఎక్కడిదో పాట వింటున్నట్టు నిలబడిపోతాడు. డాక్టరు మాటెత్తితే నవ్వేస్తాడు.

మొన్న మా పాప కాలీనా మొదటి అడుగులు వేసింది. అప్పుడు మా ఆచారం ప్రకారం గుండ్రటి రొట్టె కాల్చి, తేనె రాసి, తెల్లగుడ్డ మీద దొర్లించాలి. రొట్టె వెంట నడిచి, గుడ్డ చివర పెట్టిన కత్తెర, దువ్వెన లాంటి వస్తువుల్లో బిడ్డ మొదట ఏది పట్టుకుంటే అదే దాని బతుకు.

"పాప బంతి ముట్టుకుంటే ఇంకో ఏడాది ఆడతా. ఇంకేది ముట్టుకున్నా మానేస్తా" అన్నాడు ల్యూబెన్ అందరి ముందూ. బంతి తనే తెచ్చి కత్తెర పక్కన పెట్టి, వైను తేవడానికి వెళ్లాడు. అందరూ రొట్టె చుట్టూ మూగి ఉన్నారు. నేను బంతి తీసి వంటింటి పిండిపెట్టెలో దాచేశాను.

అతను వైనుతో తిరిగొచ్చాక రొట్టె దొర్లించాం. కాలీనా తూలుకుంటూ వెళ్లి దువ్వెన పట్టుకుంది.

"జుట్టు కత్తిరించే పనిలోకి పోతుందిరోయ్!" అంది అత్తయ్య కొడుకుతో. "ముందు నీ తలే దొరుకుతుంది చూడు, ఉన్న నాలుగు వెంట్రుకలూ పోతాయి."

అందరూ నవ్వారు. ల్యూబెన్ గుడ్డ వంకే చూస్తున్నాడు. "బంతి ఏదీ?"

"అసలు పెట్టావా?" అన్నాడు పొరుగింటి గెర్గో తాత. "మొన్న గొడుగు చేత్తో పట్టుకుని గొడుగు కోసం ఊరంతా వెతికావు కదరా!"

మళ్లీ నవ్వులు. ల్యూబెన్ ముఖం పాలిపోయింది. "పెట్టాననే అనుకున్నాను" అన్నాడు మెల్లగా.

అతన్ని వంటింట్లోకి లాక్కెళ్లి పెట్టె మూత తీశాను. "నేనే తీశాను. ఇదిగో చూడు."

పిండి పూసుకుని చందమామలా ఉన్న బంతిని చాలాసేపు చూశాడు. "నేనే ఇక్కడ పెట్టి ఉంటాను. నా పరువు కాపాడుతున్నావు జోర్నిత్సా."

"పిచ్చి మనిషీ! నా చేతులు చూడు, పిండి!"

"రొట్టె చేసింది నువ్వే కదా."

ఎన్ని ఒట్లు పెట్టుకున్నా నమ్మలేదు. నేను నెలల తరబడి బతిమాలినా కదలనివాడు, "డాక్టరు దగ్గరికి పోతాను. ఒక్కణ్ణే. దారి గుర్తుందో లేదో నాకే తెలియాలి" అన్నాడు.

ఈ పొద్దున సోఫియా రైలెక్కాడు. పని నీళ్లలా సాగాలని అత్తయ్య గడప ముందు నీళ్లు పోసింది. పాపకు జ్వరం, నేను కదలలేను. అతని ఫోను బల్ల మీదే ఉండిపోయింది.

మీరు సోఫియాలో ఉంటే, రేపు పొద్దున మెదడు డాక్టర్ల ఆసుపత్రి వసారాలో ఒక్కసారి చూడండి. పొడుగాటి మనిషి, విరిగి అతికిన ముక్కు, ఆకుపచ్చ కోటు. అక్కడ లేకపోతే రైల్వే స్టేషన్లో చూడండి. దయచేసి.