తొంభై ఐదో ఘాతం

"ఇన్ని లెక్కలు చదివినావు, చపాతీ గుండ్రంగా రాదేమప్పా!" పెళ్లయిన కొత్తలో మొగుడు కలీముల్లా అన్న మాట. పదకొండేళ్లయినా పిండి కలిపేటప్పుడల్లా ఆరీఫాకు అది గుర్తొస్తుంది. ఎమ్మెస్సీలో ఫస్టు క్లాసు ఆమెది. బత్తలపల్లెలో తను పనిచేసే ప్రైవేటు బడిలో మాత్రం పదో తరగతి లెక్కలు గంగాధర్ సారుకే. ఆమెకు మూడో తరగతి ఎక్కాలు, స్టాఫురూములో టీ కప్పులు.

ఎవరూ అడగని లెక్క ఒకటి ఆమె దగ్గరుండేది. ఒకటిన్నరను ఒకటిన్నరతో హెచ్చిస్తే రెండుంపావు. దాన్ని మళ్లీ ఒకటిన్నరతో హెచ్చించాలి, అలా పోతూనే ఉండాలి. ప్రతి ఘాతంలోనూ పూర్ణసంఖ్య పోగా కొంత భిన్నం మిగులుతుంది. ఆ మిగులు అంతకుముందెన్నడూ లేనంత చిన్నదయ్యేది ఎన్నో ఘాతంలో? ఒకటి, రెండు, నాలుగు, ఆ తర్వాత ఏకంగా ఇరవై తొమ్మిది. కాలేజీలో ఎలిజబెత్ మేడం అక్కడిదాకా బోర్డు మీద రాసి, "ఆపైన మీరే వెతుక్కోండి" అన్నారు. పప్పు ఉడికేలోపు, బట్టలు నానేలోపు ఆరీఫా వెతికింది. మెట్టుకో అంకె చొప్పున దశాంశ చుక్క తర్వాత వరస పెరిగిపోయేది. ఏడు నెలలకు, ఒక సెలవురోజు మధ్యాహ్నం, తొంభై ఐదు దగ్గర దొరికింది. ఎవరితోనైనా చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకులాడింది.

భోజనానికొచ్చిన మొగుడికే చెప్పింది.

"అయితే యాడో ఒగచోట మిగులు సున్నా అవుతాదా?"

"కాదు, ఎప్పటికీ కాదు. దగ్గరికి పోతాది. ఎంత దగ్గరికో ఎవురికీ తెలీదు."

"రానిదానికి ఇంత తిప్పలెందుకు? పులుసు వెయ్యి."

మర్నాడు మేడం నంబరు సంపాదించి ఫోన్ చేసింది. "మేడం, నేను ఆరీఫాను. తొంభై ఐదు!"

"అమ్మా, అది ఎప్పుడో కంప్యూటర్లతో కనుక్కున్నారు. వేలు దాటి పోయినారు," అన్నారు మేడం మెల్లగా. ఆరీఫా ముందున్న నోటుపుస్తకం మూసేసింది. అంతలోనే మళ్లీ మేడం గొంతు. "ఆగు, చేత్తో చేసినావా? తొంభై ఐదు దాకా? ఆదివారం మా ఇంటికి రా. లెక్కలవాళ్లం నలుగురం కూర్చుంటాం. ఎట్ల చేసినావో మాకు చెప్పు."

ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. ఈ చిన్న మిగులు కోసం తనలాగే ఎక్కడెక్కడో ఎవరెవరో తపించారన్నమాట. ఇన్నాళ్లూ తనొక్కతే అనుకుంది.

"ఆదివారం అనంతపురంలో మా మేడమింటికి పోతాండా, నా లెక్క చెప్పేకి," అని ఆ సాయంత్రం ఇంట్లో చెప్పింది.

"చుట్టాలొస్తాంటేనా?" అత్త మదీనాబీ నోరు తెరిచింది. "బిర్యానీ ఎవురు చేస్తారు? ఎవురికి కావాల ఆ లెక్క?"

ఆ ఇంట్లో ఉప్పు కావాలని, గ్యాసు కావాలని, పిల్లకు చెప్పులు కావాలని ఆరీఫా ఎన్నోసార్లు అడిగింది.

"నాకు కావాల అత్తా," అంది.