సలోమి నవ్వులో వాటా

పలాస నుంచి సముద్రం దాకా వెతికినా అసూయ ఎరగని మగాడు ఒక్కడే దొరుకుతాడు. వాడు సుమ్మాదేవి ఊరి సత్యానందం. పక్కవాడి కొబ్బరిచెట్టు రెండు గెలలు ఎక్కువ వేస్తే తన తోటే కాసినట్టు పొంగిపోతాడు. ఎదురింటికి ఫ్రిజ్ వస్తే తన కుండలో నీళ్లు చల్లబడ్డాయంటాడు. ఈ మాట మీద ఎవరితోనైనా పందెం కాయొచ్చు.

వద్దులెండి, కాయకండి. అతని భార్య సలోమి పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్లిన మూడో వారానికే ఆ పందెం ఓడిపోయాం.

పదహారేళ్ల కాపురంలో సలోమి నవ్వు పెదవి చివర పుట్టి అక్కడే చచ్చేది. ఇప్పుడు ఆటో దిగుతూ నవ్వుతోంది. పులుసులో ఉప్పెక్కువైందని మొగుడు కసిరినా, ఏదో గుర్తొచ్చి పక్కకి తిరిగి మరీ నవ్వుతోంది. తను తేని నవ్వు తన ఇంట్లోకి ఎలా వచ్చిందన్నది సత్యానందానికి అరికాలి ముల్లైంది. పని మాన్పించేస్తే? నవ్వూ ఆగిపోతుంది. ఆగిపోతే బాగుణ్ననిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా అలాగే అనిపించింది.

ముందు అనుమానం ఆటో ఢిల్లీబాబు మీదకి పోయింది.

"ఏటిరా, ఆటోలో ఆడోళ్లకి ఏటి కతలు సెప్తన్నావు?"

"నాను సెప్పడానికి సందేది బావా? పదకొండు మంది ఎక్కుతారు. నా హారను నాకే ఇనబడదు!"

అయితే ఆ నవ్వించేవాడు ఫ్యాక్టరీలోనే ఉండాలి. సోమవారం సత్యానందం ఇంట్లో చెప్పకుండా సైకిలెక్కి పోయి, జీడిపిక్కలు కొట్టే వరసలో ఒక రోజు పనికి కుదిరాడు. ఎదురు గుమ్మంలోంచి చూస్తే పొట్టు తీసే ఆడవాళ్లు కనబడతారు.

మేస్త్రీ ఆముదం గిన్నె ముందుకు తోశాడు. "సేతులకి దట్టంగా రాసుకో అన్నా. పిక్కలో జీడిసొన తగిలితే పొక్కిపోతాది."

వేళ్లు గిన్నెలో ముంచబోయేంతలో అవతల ఆడవాళ్లు గొల్లున నవ్వారు. అందులో సలోమి గొంతు! చెయ్యి అక్కడే ఆగిపోయింది, ఆముదం సంగతి మరిచిపోయాడు. కళ్లు గుమ్మం మీద, వట్టి చేతులు పిక్కల మీద. చెమట పడితే ఆ చేత్తోనే మీసం తుడుచుకున్నాడు.

అవతల మగపురుగన్నది లేదు. ఒకామె తన అత్తగారి నడక నడిచి చూపిస్తోంది. సలోమి కాళ్లు బారజాపి, గొంతు నిండా నవ్వుతోంది. తను వెళ్లి గుమ్మంలో నిలబడితే చాలు, ఆ కాళ్లు ముడుచుకుంటాయి. అది తెలిసే సరికి, మగాడెవడో ఉండి ఉంటేనే నయమనిపించింది. వాడినైతే కొట్టొచ్చు.

మధ్యాహ్నానికి వేళ్లు బొబ్బలెక్కాయి, మీసం కింద పెదవి బూరెలా ఉబ్బింది. అతని కేకకి సలోమి పరిగెత్తుకొచ్చింది, వెనకే ఇరవై మంది.

"నువ్విక్కడేటి సేత్తన్నావు మావా?"

"నిన్ను నవ్విత్తన్నోడెవుడో సూద్దామని వొచ్చాను."

"సూసావా?"

"ఎవుడూ లేడు."

"ఉప్పెక్కువైందని కసిరినోడు కూడా ఇక్కడ లేడు. అందుకే నవ్వొత్తంది." ఆమె గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ కాలింది. "ఏటి, పని మానీమంటావా?"

ఆ మాట సత్యానందం నాలుక చివరే ఉంది. మింగాడు. మంటగానే దిగింది.

"మానొద్దు. గాని ఇంటికొచ్చినాక, ఏటికి నవ్వినారో నాకూ సెప్పు. కసరను."

"అన్నీ సెప్పను. సగం నీ మీదే."

ఇరవై మందీ మళ్లీ గొల్లుమన్నారు. పది రోజులు సలోమే అన్నం కలిపి నోట్లో పెట్టింది, ముద్దకో కబురు చెప్పింది. నాలుగో రోజున తన మీది కబురుకి తనే పొలమారేలా నవ్వాడు. అయినా కుళ్లు పోలేదు. తన కబురు తనకంటే ముందు ఆ ఇరవై మందీ వినేశారాయె!

ఇందులో మీసం ఒక్కటే కల్పితం, తుడుచుకున్నది వట్టి మూతే. పాపం, సత్యానందానికి మీసమే లేదు.