తాలింపు మీది ఊపిరి

"ఈ వంటింట్లో తుమ్మితే ముక్కు గోడకి తగుల్తుంది" అన్నాడు రిఫాత్, కైరోలోని ఇంబాబా పేటలో కొత్త ఇంట్లోకి సామాను చేరిన రోజు, గుమ్మంలో నిలబడి. అని తనే నవ్వాడు. సామాను మోసినవాళ్ళూ నవ్వారు. లోపల సనియ్యా గ్యాసు పొయ్యికి చోటు వెతుక్కుంటోంది. కిటికీ కింద పెడితే తలుపు పూర్తిగా తెరుచుకోదు, తలుపు పక్కన పెడితే తను లోపలికి రాలేదు. ఆమె మొగుడి వైపు తిరిగి చూడలేదు. షుబ్రా పేటలో పాత ఇంటి వంటిల్లు ఇప్పటి ఈ ఇల్లంత ఉండేది. అందులో ఈ మనిషి ఎన్నడైనా తుమ్మాడా? మంచినీళ్ళు కావాలన్నా హాల్లోంచి కేకేసేవాడు. కాలు పెట్టని గది ఇరుకైందని బాధపడటం మగవాళ్ళకే చేతనవుతుంది.

పాత మేడ గోడలు నిలువునా బీటలు తీశాయి. అధికారులొచ్చి అన్ని కుటుంబాలనూ దింపేశారు. అప్పటిదాకా ఒకే అంతస్తులో ఒకే వంట తింటూ బతికిన అన్నదమ్ములు రెండు దారులు పట్టారు. అన్నగారు ఫౌజీ ఊరి చివర కొత్త కాలనీలో పెద్ద ఫ్లాటు చూసుకుని తల్లిని తనతో తీసుకుపోయాడు. రిఫాత్ పనిచేసిన రంగుల మిల్లు అప్పటికే మూతపడింది. అందుకని అతని వంతుకి ఈ రెండు గదులూ, ఈ వంటిల్లూ వచ్చాయి.

పాత వంటిల్లు పెద్దదేగాని అది సనియ్యాది కాదు. అందులో గోడవారగా ఒక కుర్చీ ఉండేది, ఆ కుర్చీలో అత్తగారు ఉండేది. హజ్ చేసొచ్చిన మనిషి కాబట్టి పేటంతా ఆమెను హగ్గా తఫీదా అనేవాళ్ళు. తెల్లారి లేచి మలూఖియా ఆకుకూర కట్టలు తెంపేది సనియ్యా. కాడలు తీసి, కడిగి, బట్టమీద ఆరబోసి, రెండు పిడుల వంపు కత్తిని ఊయలలా అటూ ఇటూ ఊపుతూ ఆకు పేస్టయ్యేదాకా తరిగేది సనియ్యా. కుందేలు కోసి ఉడికించేది, ఆ నీళ్ళలో ఆకు కలిపేది, నేతిలో వెల్లుల్లీ ధనియాలూ వేయించేది కూడా ఆమే. తాలింపు కుండలో పడే క్షణానికి మాత్రం అత్తగారు కుర్చీలోంచి లేచొచ్చేది. కోడలిని మోచేత్తో పక్కకి జరిపి, గిన్నె తను అందుకుని, చుయ్‌మని కుండలో కుమ్మరిస్తూ, ఎవరో చచ్చిన కబురు విన్నట్టు 'హఁ' అని బిగ్గరగా ఊపిరి లోపలికి లాగేది. ఆ ఊపిరి లాగకపోతే ఆకు అడుక్కి దిగిపోతుందనీ, కూరకి ప్రాణం రాదనీ కైరోలో ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. ఆ చప్పుడు వినగానే హాల్లో మగవాళ్ళు చేతులు కడుక్కునేవాళ్ళు. తిన్నాక ఫౌజీ ప్రతి శుక్రవారం ఒకే మాట అనేవాడు: "అమ్మ చెయ్యి అమ్మ చెయ్యే." సనియ్యా కుండ అడుగున మిగిలింది చల్లగా తినేటప్పుడు ఆ మాట ఆమె చెవిలో ఉండేది. పొద్దుటి నుంచి నడిచిన చేతులెవరివో అందరికీ తెలుసు. తెలిసీ పేరు మాత్రం ఆ ఒక్క ఊపిరికి రాసేశారు. ఇరవై ఏళ్ళ పైచిలుకు అలాగే గడిచింది.

కొత్త వంటింట్లో మొదటి వారం ఆమెకు ఏడుపు వచ్చిన మాట నిజం. గిన్నె కడగాలంటే పొయ్యి మీదిది దింపాలి, దింపినదాన్ని పెట్టడానికి చోటు లేదు. తర్వాత ఆమె ఏడవడం మానేసి గోడలవైపు చూసింది. నేల లేకపోతేనేం, గోడలున్నాయి. మూకుళ్ళు మేకులెక్కాయి, జల్లెడ తలుపు వెనక్కి పోయింది. సింకు మీద అడ్డంగా ఒక చెక్క వేస్తే అదే కోసుకునే బల్ల. పులుసు కుండ మీద మూతకి బదులు బియ్యం గిన్నె పెట్టింది. కింద పులుసు మరిగితే పైన బియ్యం సగం మెత్తబడేవి. ఒక మంటకి రెండు పనులు. సొరకాయలకంటే చిన్నవైన లేత గుమ్మడి కాయల్లో బియ్యం కూరడానికి గుజ్జు తొలుస్తారు కదా, పాత ఇంట్లో అదంతా చెత్తబుట్టలోకే పోయేది. అత్తగారికి అది బీదవాళ్ళ తిండి. ఇక్కడ సనియ్యా ఆ గుజ్జుని వెల్లుల్లితో మగ్గబెట్టి, ఎండు పుదీనా చల్లి మర్నాటి కూర చేసింది. ఎండిన రొట్టెలు పులుసులో నానాయి. కోడి కొనలేని వారం మాంసం ఒలిచేసిన కోడి ఎముకల గూళ్ళు తెచ్చి గంటలకొద్దీ మరిగించింది. ఆ నీళ్ళ రుచి చూసి తనే ఒక్క క్షణం ఆగిపోయింది. ఎవరూ మోచేత్తో జరపడం లేదు. ఉప్పు సరిపోయిందో లేదో అడగడానికి కుర్చీ లేదు. సరిపోయిందని తన నాలుకే చెప్పింది, తన నాలుక మాట నిజమైంది. ఇంత చిన్న సంగతికి గర్వమేమిటని ఆమె మొదట్లో సిగ్గుపడింది. తర్వాత సిగ్గుపడటం కూడా మానేసింది.

వంటింటి కిటికీ మేడ మధ్యలో గాలికోసం వదిలిన బావిలాంటి సందులోకి తెరుచుకుంటుంది. అందులోంచి వెలుతురు తక్కువ, మాటలు ఎక్కువ వస్తాయి. ఎదురు కిటికీలో జాబిర్ వాళ్ళమ్మ ఉంటుంది. కనపడేది చెయ్యి ఒక్కటే, గొంతు మాత్రం నాలుగంతస్తులకీ వినపడుతుంది. ఇద్దరికీ ఉల్లిపాయల దగ్గర స్నేహం కుదిరింది.

గురువారం సాయంత్రం రిఫాత్ టీ తాగుతూ చెప్పాడు, రేపు అమ్మా అన్నయ్యా వదినా ఇల్లు చూడ్డానికి వస్తున్నారని. అక్కడితో ఆగలేదు. పై శుక్రవారం నుంచి అందరి భోజనాలూ అన్నయ్య ఇంట్లోనేనట. వదినది పాలరాతి వంటిల్లు, ఈ గూట్లో పదిమందికి వండటం ఎలాగూ కుదరదు. "నువ్వు తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు కాగానే మైక్రోబస్సు ఎక్కితే, జనం లేచేసరికి అక్కడుంటావు. మాటిచ్చేశాను" అన్నాడు. చక్కెర తక్కువైందని కూడా అన్నాడు.

సనియ్యా చక్కెర వేసింది. ఆ రాత్రి ఆమెకు తెలిసింది ఒకటే. రేపు నోరెత్తకపోతే ఇక జన్మంతా ఆమె చేతులు మైక్రోబస్సెక్కి ఇంకొకరి పాలరాతి మీదికి పోతాయి. ఈ వంటిల్లు వారానికి ఆరు రోజులు చాకిరీకీ, ఏడో రోజు తాళానికీ మిగుల్తుంది. షాహినాజ్, అంటే ఫౌజీ పెళ్ళాం, ఉల్లిపాయ కోస్తే గోళ్ళ రంగు పోతుందనే మనిషి. పాత ఇంట్లో కూడా ఆమె వంటింట్లోకి వచ్చింది కాఫీ చల్లారిందని చెప్పడానికే.

మర్నాడు జుమా నమాజు అయ్యాక వచ్చారు. షాహినాజ్ వంటింటి గుమ్మందాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, "పాపం, బొమ్మరిల్లులా ఉంది" అంది. సనియ్యా కూడా తక్కువ తినలేదు. బొమ్మలకి పని చెప్పేవాళ్ళుండరు కదక్కా అని ఉల్లిపాయలతో చెప్పినట్టు చెప్పింది. పొయ్యి మీద గూళ్ళ పులుసులో మలూఖియా పైకి తేలుతోంది. పైన గిన్నెలో బియ్యం మగ్గుతున్నాయి. గూళ్ళ నుంచి గోటితో గిల్లి తీసిన మాంసం నానిన రొట్టెతో, ఉల్లితో కలిసి వడల్లా పళ్ళెంలో ఉంది. సనియ్యా వెల్లుల్లి వేయించడం మొదలుపెట్టింది. ఆ వాసన హాల్లోకి పోయేసరికి అక్కణ్ణుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది.

హగ్గా తఫీదా వచ్చింది. లావు మనిషి. గుమ్మంలో ఒక భుజం పట్టింది, రెండోది పట్టలేదు. అడ్డంగా తిరిగి చూసింది. పొట్ట పట్టలేదు.

"ఇవతలికి రావే, నేను వేస్తాను" అంది.

"చోటు లేదత్తయ్యా."

"నువ్వు బయటికొస్తే ఉంటుంది."

సనియ్యా బయటికి రాలేదు. వెల్లుల్లి అంచులు మారుతున్నాయి. ఇంకొక్క మాట మాట్లాడితే మాడుతుంది. ఆమె రెండు చేతులతో మూకుడెత్తి కుండలో కుమ్మరించి, నోరు తెరిచి, ఇన్నేళ్ళుగా లోపలికి పోని గాలంతా ఒక్కసారి లాక్కుంది. 'హఁ' అన్న ఆ చప్పుడు ఇరుకు గోడలకి కొట్టుకుని, కిటికీలోంచి సందులోకి దూకి, నాలుగంతస్తులూ ఎక్కింది.

ఎదురు కిటికీలోంచి చెయ్యి బయటికొచ్చింది. "ఎవరే తల్లీ ఆ పీల్చింది? నాకు కడుపులో ఎలుకలు పరిగెత్తాయి. ఓ గిన్నెడు ఇటు అందించు" అని జాబిర్ వాళ్ళమ్మ. పైన ఎక్కడో ఇంకెవరో నవ్వారు.

అత్తగారి మొహం గుమ్మంలో అలాగే ఉంది. కోపమో ఇంకేమిటో సనియ్యాకి అర్థం కాలేదు. "మా అత్త పోయేదాకా నేనాగాను. నువ్వు ఆగలేకపోయావా?" అంది హగ్గా తఫీదా, మెల్లిగా.

"నేను ఆగాను అత్తయ్యా. మేడే ఆగలేదు."

అన్నం తింటూ ఫౌజీ అలవాటుగా అమ్మ చెయ్యి అనబోయి, అమ్మ మొహం చూసి మధ్యలో మింగేశాడు. వడ తుంచి, ఈ మాంసం ఏ కసాయి దగ్గరిదని అడిగాడు. మీరు ఎముకల గూడని పారేసేదానిలోంచి తీసింది బావగారూ అని సనియ్యా చెప్పింది, దాచలేదు, గొంతు తగ్గించలేదు. ఫౌజీ ఇంకోటి తీసుకున్నాడు. హగ్గా తఫీదా గిన్నె రెండోసారి ముందుకి జరిపింది. షాహినాజ్ చేతులు తుడుచుకుంటూ, "ఇంత తక్కువలో ఇలా చేశావంటే, వచ్చే వారం మా వంటింట్లో ఇంకెంత బాగా చేస్తావో" అంది. అది మెచ్చుకోలనే అనుకుంది పాపం.

"మీ వంటింట్లో మీరు వండండక్కా. నేను నా వంటింట్లో వండుతాను" అంది సనియ్యా.

రిఫాత్ ఆమె వైపు ఎర్రగా చూశాడు. అందరి ముందూ పరువు తీస్తున్నావా అన్నాడు. "నేను మాటిచ్చాను."

"మాట మీది, చేతులు నావి. మీ మాటని మీరు తీసుకెళ్ళండి."

వాళ్ళు వెళ్ళాక రిఫాత్ రెండు రోజులు మాట్లాడలేదు. మొగుళ్ళ మౌనానికి పెళ్ళాలు భయపడతారని ఎవరు చెప్పారో వాళ్ళకి. ఇంట్లో ఆ రెండు రోజులూ హాయిగా ఉంది. పై శుక్రవారం అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు, ఆమె కూడా పర్సు తీసుకుని బయల్దేరుతుందేమోనని. ఆమె ధనియాలు దంచుతోంది. ఒంటరిగా మైక్రోబస్సు ఎక్కడానికి పోయాడు.

మధ్యాహ్నం ఫోను మోగింది. అత్తగారు. పలకరింపు లేదు, వెనకాల షాహినాజ్ ఎవరినో కసురుతున్న గొంతు, మూకుడు చప్పుడు.

"వెల్లుల్లి ఏ రంగుకొచ్చేదాకా వేయించాలే?"

వెక్కిరించడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. కాని ఆ ముసలి గొంతులో ఊపిరి ఆడటం లేదు, పొయ్యి ముందు చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నట్టుంది. ఆ పెద్ద వంటింట్లో ఆవిడకి ఎవరూ కుర్చీ కూడా వేసినట్టు లేదు.

"నేను రంగు చూడను అత్తయ్యా, వాసన చూస్తాను. ఫోన్లో వాసన చెప్పడం నాకు రాదు. పొయ్యి ఆపేసి అక్కడెవరినైనా వండమని మీరు కూర్చోండి. వచ్చే శుక్రవారం ఇటు రండి. నేను వండుతాను, మీరు తిందురు గాని."

"సరే" అంది హగ్గా తఫీదా. ఇన్నేళ్ళలో కోడలితో ఆమె ఆ మాట అనడం అదే మొదలు.

సనియ్యా ఫోను పక్కన పెట్టింది. కుండ మీద ఆవిరి ఇంకా లేస్తోంది. ఇంట్లో ఇంకా ఎవరూ తినలేదు. ఆమె గిన్నె నింపుకుని, రొట్టె చించి, చెయ్యి కాలుతున్నా సరే, ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది.