వెనక సీటు టైర్లు

బెంటన్‌విల్‌లోని బైక్ షాపులో డాక్టర్ చక్రపాణికి కాలు ఒకచోట నిలవడం లేదు. రిటైరయ్యాక కొన్న టూరింగ్ బైక్ మీద రేపే కొలరాడో ప్రయాణం. ఎక్కువ మైళ్లు నడిచే టైర్లా, వానలో పట్టున్న టైర్లా? ఎంతకీ తేలడం లేదు.

"ఒక్కరేనా, వెనక ఎవరైనా కూర్చుంటారా?" మెకానిక్ అడిగాడు.

"ఒక్కడినే," అన్నాడు చక్రపాణి. బైక్ మాటెత్తితేనే భార్య కృష్ణకుమారి మండిపడుతుంది. ఈరోజు షాపుకి వచ్చింది కూడా కొత్త టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడానికే.

"టూ పీపుల్," అంది ఆవిడ మెకానిక్‌తో. తర్వాత మొగుడికేసి తిరిగి, "వానలో జారనివి వెయ్యమనండి. కొండదారి," అంది.

టైర్లు బిగించాక ఆవిడ వాటి కింద నిమ్మకాయలు పెట్టి, చక్రపాణి బైకెక్కి స్టార్ట్ చేయబోతుంటే సంచీలోంచి ఎర్ర హెల్మెట్ తీసింది. దాని స్టిక్కర్లు కూడా ఇంకా ఊడలేదు.

"ఆగండి. నేనెక్కాక తొక్కిద్దురుగాని."