నూనెరంగుల తాతగారు

మా అత్తవారింట్లో అందరికంటే ఎక్కువ సేవలు చేయించుకునేది ఎప్పుడో పోయిన మనిషి. విజయనగరంలో మా హాల్లో టీవీకి పైన, బంగారుపూత ఫ్రేములో, నూనెరంగుల పటంలో కొలువుంటారాయన. మా మావగారు నారాయణమూర్తికి తాత, పేరు తిరుమలరావు. నల్లకోటు, జరీ తలపాగా, చేతిలో కలం. ప్రతి గురువారం అత్తగారు సుభద్రమ్మ ఆయనకి బొట్టు పెట్టి, దండ మార్చి, పనిలో పనిగా నా మీద చాడీలు కూడా చెబుతుంది. వంటింట్లోంచి నాకన్నీ వినిపిస్తాయి.

ఆ కలం ఎడమచేతిలో ఉంటుంది. అందుకని ఆయనది ఎడమచేతివాటమని ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. మా అమ్మాయి ఎడమచేత్తో బలపం పట్టిన రోజున, తన తాతగారి పోలికేనని మావగారు వీధంతా మిఠాయి పంచారు. మా పుట్టింట్లో ముగ్గురు ఎడమచేతివాటం వాళ్లున్నారన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

చీపురుపల్లి దగ్గర మా అత్తవారి సొంతూళ్లో హైస్కూలుకి స్థలమిచ్చింది తిరుమలరావుగారే. మేష్టరుగా రిటైరైన మావగారు వేరే పని లేక, ఆ బడి ముందు తాతగారి విగ్రహం పెట్టించాలని పూనుకున్నారు. శిల్పికి ఆధారం ఈ పటమొక్కటే. దాన్ని ఫోటో తీసి, కింద ‘దానశీలి, నిష్ఠాగరిష్ఠుడు, ఏకపత్నీవ్రతుడు’ అని రాసి, తెలిసిన ప్రతి వాట్సాప్ గ్రూపుకీ పంపారు.

ఆ ఫోటో ఎన్ని ఫోన్లు తిరిగిందో గానీ కళింగపట్నం చేరింది. ఆవిష్కరణ దగ్గరపడ్డాక ఒకరోజు పొద్దున్నే మా ఇంటి ముందు పెద్ద తెల్లకారు ఆగింది. అందులోంచి దిగినావిడ ఒంటి మీద, నాకు పెళ్లిలో పెట్టిన బంగారానికి రెండింతలుంది. పేరు లక్ష్మణమ్మ, చేపల ఎగుమతి వ్యాపారం. ఆవిడ వెనకే కొడుకు భాస్కర్ రొయ్యల పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

అత్తగారు ఆ అబ్బాయిని చూసింది. పటాన్ని చూసింది. తనకి తెలియకుండానే రెండు చేతులూ జోడించేసింది. అదే కొనదేరిన ముక్కు, అవే దొప్ప చెవులు, గడ్డం మీద అదే సొట్ట. ఈయన జీన్సు వేసుకున్నాడు, అంతే తేడా.

“‘ఒరే భాస్కరూ, ఇజీనగరపోళ్లు నీకు ఇగ్రహం కడతన్నార్రా’ అని ఈడి సావాసగాళ్లు ఒకటే నవ్వమ్మా,” అంది లక్ష్మణమ్మ. “ఏటా అని సూస్తే, ఈడు మా తాత ఎర్రన్న. ఈ పటం ఏసినోడు ఆడే.”

మావగారు కుర్చీలోంచి లేచారు. “వేసినవాడైతే మాత్రం మా తాత మొహం మీ తాతదెలా అవుతుంది?”

ఆవిడ అడక్కుండానే కూర్చుని, తన నాయనమ్మ దగ్గర విన్నదంతా చెప్పుకొచ్చింది. ఎర్రన్న పడవలకి రంగులేసే కుర్రాడట. ఊళ్లోకి నాటకాల కంపెనీ వస్తే దాని వెంటపడి పోయి, తెరల మీద రాజభవనాలూ పూలతోటలూ వెయ్యడం నేర్చాడు. అలా అలా మనుషుల పటాల్లోకి దిగాడు. తిరుమలరావుగారు కబురు పెట్టి మరీ పిలిపించారు. తీరా బొమ్మకి కూర్చోమంటే, బొమ్మ గీయించుకుంటే ఆయుష్షు తగ్గిపోతుందని ఎవరో చెవిలో ఊదారట, ససేమిరా అన్నారు. కోటూ తలపాగా మాత్రం పంపి, వీటితో ఎలాగోలా కానిమ్మన్నారు.

“మరేటి సేస్తాడు? ఆ కోటు తనే తొడుక్కున్నాడు. అద్దం ముందర కూకుని తన బొమ్మ తనే ఏసుకున్నాడు. మీ తాత వచ్చి సూసి, ‘ఒరే, అచ్చం నాలాగే ఉన్నాదిరా’ అన్నాడంట!”

నవ్వు ఆపుకోలేక పైట నోట్లో కుక్కుకున్నాను. అప్పుడు చూశాను ఆ కలాన్ని. అద్దంలో కుడిచెయ్యి ఎడమచెయ్యిగా కనబడుతుంది కదా! కుడిచేత్తో కుంచె పట్టుకున్న మనిషి, దాన్ని కాస్త సన్నం చేసి కలంగా దిద్దేశాడు. ఆ మాట ఉండబట్టలేక పైకే అనేశాను. మావగారు నన్ను చూసిన చూపుకి పొయ్యి మీద పాలు విరగాలి.

“పటం మీరే ఉంచుకోండి. ఇగ్రహం కింద మీ తాత పేరే రాసుకోండి,” అంది లక్ష్మణమ్మ. ఆవిడ గొంతు అప్పుడే మొదటిసారి తగ్గింది. “మా అయ్య గంగరాజుకి నాలుగేళ్లప్పుడు మా తాత సంద్రంలో ఏటకెళ్లి తుపానులో పోయాడు. తండ్రి మొకం మా అయ్యకి గురుతు నేదు. ఒక్క ఫోటో నేదు. ఇప్పుడు సూపూ నేదు. ఇగ్రహమైతే తడిమి సూసుకుంటాడు. ఒక్కపాలి తడుముకోనియ్యండి, సాలు.”

“మీ అబ్బాయి మొహమే తడుముకోమనండి.”

“అదీ సేసాడు. మనవడు మనవడే, అయ్య అయ్యే అన్నాడు.”

నేను మంచినీళ్లు తెచ్చి ఆవిడ చేతికిచ్చాను. మావగారు మాత్రం కరగలేదు. “నలుగురూ చూస్తుండగా ఎవరో ముసలాయన వచ్చి విగ్రహం మొహం తడుముతుంటే, ఎవరాయన అని అడిగితే నేనేం చెప్పాలి? మా తాత మొహం మా దగ్గర లేనే లేదని చాటింపు వేయించనా? కుదరదు.”

వాళ్లు వెళ్లిపోయారు. రొయ్యలు మాత్రం మా ఇంట్లో ఎవరూ వెనక్కి పంపలేదు, మూడు రకాలుగా వండించుకుని తిన్నారు.

ఆ గురువారం అత్తగారు బొట్టు పెట్టబోయి ఆగిపోయింది. “సుహాసినీ, ఈయనకి ఏమని చెప్పుకోనే?”

“నా చాడీలే చెప్పండి. పాపం, ఇన్నేళ్లూ ఓపిగ్గా విన్నాడు.”

ఆవిష్కరణ ఎన్ని గంటలకో లక్ష్మణమ్మకి ఫోన్ చేసి చెప్పింది నేనే. ఇంట్లో ఎవరినీ అడగలేదు.

బడి ముందు షామియానా, వెనకాల ఆ మూడు బిరుదులతో పెద్ద ఫ్లెక్సీ. మావగారు మైకులో తాతగారి సద్గుణాలు ఏకరువు పెట్టి ముసుగు లాగారు. చప్పట్లు ఇంకా ఆగకముందే భాస్కర్ చెయ్యి పట్టుకుని గంగరాజు వచ్చాడు. చెప్పులు విడిచి దిమ్మ మెట్లెక్కాడు. ముందు ఆయన చేతికి గుండీలు తగిలాయి.

“కోటేట్రా ఈడికి?” అన్నాడు.

తర్వాత గడ్డం, ముక్కు, చెవులు. చెవి దగ్గర వేళ్లు ఆగాయి. రెండో చేత్తో తన చెవి తడుముకున్నాడు. “అయ్యా,” అన్నాడు. ఎనభై దాటిన మనిషి ఆ మాటని చిన్నపిల్లాడిలా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. పూర్వ విద్యార్థుల సంఘం పెద్ద గిరిబాబు మావగారి దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. “మేస్టారూ, ఎవరండీ ఆ ముసలాయన? ఇగ్రహాన్ని అయ్యా అంటన్నాడేటి?”

ఎవరో పిచ్చివాడని చెప్పి దింపించేస్తారనుకున్నాను. మావగారు గంగరాజు చేతులకేసి చాలాసేపు చూశారు. మైకు చేతిలోనే ఉందన్న సంగతి ఆయన మర్చిపోయారు.

“ఆయన కొడుకు,” అన్నారు.

ఆ మాట ఊరంతా మోగింది. ఆ తర్వాత వెనక వరసల్లో లెక్కలు కట్టుకున్నవాళ్ల నవ్వులు. కొందరు మెడలు సాచి ఫ్లెక్సీ మీద మూడో బిరుదు మళ్లీ చదువుకున్నారు. అత్తగారు కొంగుతో మొహం కప్పుకుంది.

గిరిబాబు నోరెళ్లబెట్టాడు. “అంటే... మీకు బాబాయి అవుతాడేటండీ?”

ఆ మొహం తిరుమలరావుగారిది కాదని ఒక్క ముక్క చెబితే తాతగారి శీలం దక్కేది. దిమ్మ మీద గంగరాజు ఇంకా ఆ చెవిని వదల్లేదు.

“అవుతాడ్రా,” అన్నారు మావగారు. “పెద్దాయన నిల్సున్నాడు, కుర్సీ ఎయ్యి.”