నాలుగు సంతలకోసారి

గర్భసంచి తీసేశారని కనకరత్నం ఏడవలేదు. దాంతోపాటు నెలకి మూడు రోజుల సెలవు పోయిందని ఏడ్చింది. ఈ మాట పైకి అంటే నలుగురూ మొహాన ఉమ్మేస్తారని తెలుసు కాబట్టి, కుట్లు లాగుతున్నాయని చెప్పి ఏడ్చింది.

ముంచింగిపుట్టు సంతవీధిలో వాళ్ళది కిరాణా కొట్టు. విజయనగరం నుంచి కొండెక్కి వచ్చి ఏళ్ళు గడిచినా, అత్తగారు వరహాలమ్మ తన ఆచారాన్ని ఘాట్ రోడ్డు మలుపుల్లో ఎక్కడా జారవిడవలేదు. కోడలు బయట చేరిందంటే మూడు రోజులు వంటింటి గడప తొక్కకూడదు, కొట్లో తక్కెడ ముట్టుకోకూడదు. పెరటి వసారాలో ఈతచాప, విడిగా ఓ కంచం, ఓ చెంబు. పెళ్ళైన కొత్తలో కనకరత్నం దీన్ని అవమానం అనుకుంది. పోనుపోను బుద్ధి వచ్చింది. మిగతా నెలంతా వంట, కొట్టు, చింతపండు తూకం, పసుపు జల్లెడ. వారానికోసారి వచ్చే సంత రోజైతే నిలబడి నాలుగు మెతుకులు తినడానికే తీరికుండదు. ఆ మూడు రోజులు మాత్రం వారపత్రికలో సీరియల్ చదువుకుంటూ, కొండమీద మంచు విడిపోవడం చూస్తూ పడుకోవడమే. కంచంలోకి అన్నం దానంతటదే వచ్చేది. ఇంత నిష్ఠగా మైల పాటించే కోడలు ఏజెన్సీ మొత్తంలో లేదని వరహాలమ్మ మురిసిపోయేది.

గర్భసంచిలో గడ్డలున్నాయని ఆపరేషన్ చేయించాక, వరహాలమ్మ సింహాచలం దిక్కుకి తిరిగి రెండు చేతులూ జోడించింది. "పీడా వదిలింది. ఇంక మనింట్లో మైలనేదే నేదు."

కనకరత్నానికి నలభై కూడా నిండలేదు. ఇంక చచ్చేదాకా తక్కెడే.

విశాఖపట్నంలో డాక్టరమ్మకి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఆవిడ ఓ మాట చెప్పింది. "సంచి తీసేశాం గానీ అండాశయాలు ఉంచేశామమ్మా. వాటి పని అవి చేసుకుపోతాయి. నెలనెలా అండం విడుదలవుతుంది, హార్మోన్లు పెరుగుతాయి, తగ్గుతాయి. తలనొప్పి, చిరాకు, రొమ్ముల్లో సలుపు అన్నీ ఉండొచ్చు. ముట్టు మాత్రం రాదు."

"మరి ఆ అండం ఎటు పోద్దండీ?"

"ఒంట్లోనే కరిగిపోతుంది."

అంటే కొట్టు మూసేసినా సరుకు లారీ మాత్రం వస్తూనే ఉందన్నమాట. కనకరత్నానికి ప్రాణం లేచొచ్చింది. నెలసరి ఉంది, కనపడదంతే. కనపడనంత మాత్రాన సెలవు ఎందుకు పోవాలి? ఎప్పుడొస్తోందో పట్టుకుంటే చాలు. ఎలా పట్టుకోవాలో కూడా డాక్టరమ్మే చెప్పింది. పొద్దున్నే పక్కమీంచి లేవకుండా జ్వరం చూసుకుంటే, అండం విడుదలయ్యాక ఒళ్ళు రవ్వంత వేడెక్కి, నెలసరి నాటికి మళ్ళీ చల్లబడుతుందట.

తిరిగొచ్చేటప్పుడు థర్మామీటరు కొనుక్కుంది. మర్నాటి నుంచి తెల్లారగానే దాన్ని నాలిక కింద పెట్టుకుని దుప్పటి ముసుగులో శవంలా పడుకునేది. "ఓలమ్మీ, లెగలేదేటే?" అని వరహాలమ్మ వంటింట్లోంచి కేకేస్తే "ఊఁ" అనేది. ఓ రోజు మొగుడు సర్వేశ్వరరావు ముసుగు పక్కన కూర్చున్నాడు.

"కోపమొచ్చిందేటి?"

"ఊఁ."

"నామీదేనా?"

"ఊఁ."

షుగరున్న మనిషి, పాపం, సంతలో దొంగతనంగా జిలేబీలు తిన్న సంగతి తనంతట తనే ఒప్పేసుకున్నాడు. హార్మోన్ల సంగతేమో గానీ థర్మామీటరు ఇలా కూడా పనికొస్తుందని కనకరత్నం గ్రహించింది.

లెక్క గుర్తుండటానికి ఖాళీ తేనెసీసాలో రాజ్మా గింజలు వేసేది. చల్లటి రోజుకి తెల్లగింజ, వేడి రోజుకి ఎర్రగింజ. తీరా చూస్తే సీసాలో తెలుపు, ఎరుపు, తెలుపు, ఎరుపు అని చారల పిల్లిలా తయారైంది. చలికి కుంపటి పక్కన పడుకున్న రోజు ఎర్రగింజ, జలుబు చేసిన రోజు ఎర్రగింజ. ఆ నెల అండాల లెక్కలో ఆవిడ నాటుకోడిని మించిపోయింది. పట్టు వదలకుండా కుంపటి దూరం జరిపి, వణుకుతూ మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి గింజలు ముచ్చటగా కుదిరాయి. కింద తెల్లటి వరస, పైన ఎర్రటి వరస. ఇంకో రెండు మూడు రోజుల్లో మళ్ళీ తెలుపుకి తిరగాలి.

ఆ మధ్యాహ్నం కంచంలో రాజ్మా కూర పడింది.

"సీసాలో గింజలున్నాయి గదా అని నానబెట్టీసేను," అంది వరహాలమ్మ. "సాలకపోతే ఇంకో గుప్పెడు కలిపేను. బాగుందేటి?"

తన నెలంతా తనే నమిలి మింగింది కనకరత్నం. ఉప్పు కూడా సరిపోయింది. దుఃఖం ముంచుకొచ్చి, సాయంత్రం ఉల్లిపాయలు తూస్తూ తూస్తూ గోతాన్ని ఓ తన్ను తన్నింది. అది చూసిన సర్వేశ్వరరావు సంచిలో లుంగీ పెట్టుకున్నాడు.

"ఎక్కడికండీ?"

"సరుకుకి. విశాఖపట్నం."

"మొన్నే కదా వెళ్ళొచ్చేరు?"

"మొన్నేటి, నాలుగు సంతలయింది." చెప్పులో కాలు పెడుతూ గొణిగాడు. "నువ్వు గోనెలు తన్నే రోజులొచ్చాయంటే నాకు సరుకు అయిపోద్ది. సంచి తీసేసేక మానుతావనుకున్నాను. ఎక్కడ మానేవు?"

వణుకుతూ, ముసుగేసుకుని, గింజలు పోగేసి కనకరత్నం వెతికింది ఇదే. మొగుడు బస్సు టిక్కెట్టు కొనుక్కుని మరీ పాటిస్తున్నాడు. తల పగిలిపోతోంది, రొమ్ములు సలుపుతున్నాయి. మర్నాడు పొద్దున్న థర్మామీటరు కూడా రవ్వంత దిగింది.

వెంటనే ఈతచాప తీసుకెళ్ళి వసారాలో పరిచింది. "అత్తా, నాను బయట సేరేను."

వరహాలమ్మ గరిటెతో బయటికి వచ్చింది. "మతుండే మాటాడతన్నావా? సంచే నేదు, సుక్కే నేదు, మైలేటే?"

కనకరత్నం అంతా చెప్పింది. అండం, హార్మోన్లు, మూసేసిన కొట్టు, ఆగని లారీ. తన మొగుడి ప్రయాణాల్ని కూడా సాక్ష్యంగా చెప్పింది. అంతా విని వరహాలమ్మ తిట్టలేదు. గోడ పట్టుకుని, మోకాళ్ళు ఒక్కొక్కటే వంచుతూ మెట్టుమీద కూర్చుంది.

"నాది ఆగిపోయి ఎన్నాళ్ళయిందో ఎరుగుదువా? నువ్వు కాపరానికొచ్చిన మరుసటేడే. నాకు మైల పోయేక ఆ మూడ్రోజుల కుదురూ నేకుండా పోనాది. నీ మూడ్రోజులూ ఈ ఇల్లు, కొట్టూ ఎవలీడ్చేరనుకున్నావు? అన్నం ఎగిరొచ్చి నీ కంచంలో పడీదనుకున్నావా?" గరిటె ఒళ్ళో పెట్టుకుంది. "పీడా వదిలిందని దండమెట్టేను కదా. నీది కాదే. నాది."

కనకరత్నం సిగ్గుతో కుంచించుకుపోయింది. ఇన్నేళ్ళూ ఆచారమే తనకి అన్నం పెట్టిందనుకుంది. పెట్టినవి ఈ వాచిన మోకాళ్ళు. తన ఒంట్లో రవ్వంత వేడి పెరిగితే పట్టుకున్న మనిషి, కళ్ళెదురుగా మెట్టు దిగలేకపోతున్న ముసలావిణ్ణి చూడలేదు. చాప చుట్టేసి వంటింట్లోకి వెళ్ళి, ఆ పూట అత్తగారికి తనే వడ్డించింది. ఇద్దరూ మాట్లాడుకోవలసిందంతా భోజనాలయ్యాక మాట్లాడుకున్నారు.

మళ్ళీ నాలుగు సంతలు గడిచాయి. కనకరత్నం ఏదో గోతాన్ని తన్నిన చప్పుడు విని, సర్వేశ్వరరావు మర్నాడు పొద్దున్నే సంచి కోసం వెతికాడు. సంచి లేదు. పెరట్లోకి వచ్చి చూస్తే వసారాలో రెండు ఈతచాపలు. ఒకదానిమీద పెళ్ళాం వారపత్రిక పైకి చదువుతోంది. రెండోదానిమీద అరవై దాటిన తల్లి కాళ్ళు బారచాపి, సంచిని తలకింద దిండుగా పెట్టుకుని వింటోంది.

"అమ్మా, నీకేటయినాది?"

"నానూ బయట సేరేను."

"ఈ వయసులోనా?"

"ఏం, నీకు నాలుగు సంతలకోసారి విశాఖపట్నం రావట్నేదేటి?" అంది వరహాలమ్మ. "బేగి ఎల్లి అన్నం వండు. చిత్రాన్నాలక్కర్నేదు, పప్పూ చారూ చాలు."

అతను లోపలికి వెళ్ళాడు. కాసేపటికి వంటింట్లోంచి, బస్తాల కొద్దీ ఉప్పు అమ్మే సర్వేశ్వరరావు, ఉప్పు ఎక్కడుందని అడిగాడు.