ఎత్తుకొచ్చిన మాట

త్రివేణి పదకొండేళ్ళుగా ఇతరుల తరఫున "నేను" అంటోంది. ఇంటర్‌ప్రెటర్ పనిలో మొదటి నియమం అదే. ఎదుటివాడు "నాకు కడుపులో నొప్పి" అంటే, "ఆయనకు కడుపులో నొప్పిట" అనకూడదు. "నాకు కడుపులో నొప్పి" అనే ఇంగ్లీషులో చెప్పాలి. ఆ లెక్కన ఆవిడకు ఇప్పటికి కొన్ని వందల కడుపునొప్పులొచ్చాయి, అరవై దాకా విడాకులయ్యాయి, స్పీడింగ్ టికెట్లకైతే అంతే లేదు. తన సంగతి తను చెప్పుకోవాల్సి వస్తే మాత్రం "ఇంటర్‌ప్రెటర్‌కు సరిగా వినపడలేదు" అని ఎవరో మూడో మనిషి గురించి చెబుతున్నట్టు చెప్పాలి. మొదట్లో నవ్వొచ్చేది. తరవాత అలవాటైపోయింది.

అన్నట్టు త్రివేణిది తెనాలి. మీరు అడగక్కర్లేదు, ఆవిడే చెబుతుంది. తెలుగంటే తమ వైపుదేననీ, మిగతావన్నీ దానికి కాస్త అటూ ఇటూ అనీ ఆవిడ నమ్మకం. పైకి అనదు గానీ, ఫోన్‌లో ఎవరిదైనా యాస వినిపిస్తే చాలు, అమెరికాలోని ఫ్రీమాంట్‌లో తన డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఓసారి కళ్ళు మూసుకుంటుంది. ఈ గీర ఏదో ఒకరోజు ఎవరి మెడకో చుట్టుకుంటుందని ఆవిడకేం తెలుసు పాపం.

ఆ మంగళవారం ఫోన్ పని కాదు, కోర్టు పని. వరండాలో అవని ఎదురుచూస్తోంది. సొంతంగా లాయర్ని పెట్టుకోలేనివాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే లాయరు ఆ అమ్మాయి. ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు వచ్చు గానీ అన్నం, పెరుగు, పడుకో దాటితే తడబడుతుంది, అందుకే ఇంటర్‌ప్రెటర్ని పిలిపించుకుంది. పక్కన బెంచీ మీద ముద్దాయి రాధారాణి కూర్చుని ఉంది. అరవై ఏళ్ళ మనిషి, నేత చీర మీద స్వెటరు, కాళ్ళకు మనవరాలి స్పోర్ట్స్ షూస్. ఊరు మదనపల్లె. రెండేళ్ళ కిందట కూతురు దగ్గరికి వచ్చింది, గ్రీన్‌కార్డుకు అప్లై చేశారు, ఇంకా రాలేదు.

కేసు ఇదీ. రాధారాణి ముప్ఫై ఏళ్ళు మదనపల్లెలో మిషన్ కుట్టి బతికింది. ఇక్కడ మిషన్ లేక చేతులు పీకుతున్నాయి. ఓ సాయంత్రం వాకింగ్‌కు వెళితే, పాత సామాన్లు అమ్మే ధర్మసంస్థవాళ్ళ షాపు బయట, జనం బట్టలవీ వేసి పోయే పెద్ద ఇనప పెట్టె పక్కన, నేల మీద ఓ కుట్టుమిషన్ కనిపించింది. వాన మొదలైంది. మనుషులెవరూ లేరు. కాసేపు నిలబడి చూసి, మిషన్ చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది. షాపు కెమెరా అంతా చూసింది. మూడోరోజు పోలీసాయన తలుపు తట్టాడు. కూతురు రాగిణి ఆఫీసులో ఉంది. ఆయన ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్ని పిలిచి, ఈ మిషన్ ఎక్కడిదని అడిగాడు.

అవని రిపోర్టు తెరిచి చూపించింది. "చూడండి ఆంటీ. ఆఫీసర్‌కి ఈ అమ్మమ్మ చెప్పింది, ఐ స్టోల్ ఇట్ అని."

ఆ వాక్యం కింద ఇంటర్‌ప్రెటర్ నంబరు ఉంది. 4417. త్రివేణిదే.

ఒళ్ళు ఒక్కసారి ఝల్లుమంది. అంతలోనే గుర్తొచ్చింది, కుదుటపడింది కూడా. ఆవిడ జ్ఞాపకశక్తి అలాంటిది మరి. "ఆడ పెట్టె పక్కన ఉండె. ఎత్తుకొచ్చినా. వాన పడతా ఉండె" అని అవతల గొంతు అన్నది అన్నట్టుగా చెవిలో ఉంది. అప్పుడు స్టవ్ మీద పోపు ఉంది, ఓ చెవి అటే ఉంది, నిజమే. అయినా విన్నదే చెప్పింది. ఎత్తుకురావడమంటే కొట్టుకురావడమేగా, దొంగ తనే ఒప్పుకుంటే మధ్యలో తనేం చేస్తుంది?

ఇద్దరి మధ్యా కూర్చుని పని మొదలుపెట్టింది. అవని తనకొచ్చిన తెలుగులో, అది చాలనిచోట ఇంగ్లీషులో చెప్పుకొచ్చింది, త్రివేణి దాన్ని రాధారాణికి అందించింది. పెట్టెలో వేసినవే కాదు, పక్కన పెట్టినవి కూడా చట్టం ప్రకారం ఆ సంస్థవే. పారేసినట్టు కనిపించినా వాటికి యజమాని ఉన్నట్టే.

"బట్ వేరేవాళ్ళ వస్తువు తీసుకుంటే చాలదు, ఆంటీ. అది వేరేవాళ్ళదని తెలియాలి. తెలిసి, ఇంక తిరిగివ్వను అని మైండ్‌లో ఉండాలి. ఎవరో వదిలేశారు అని నిజంగా అనుకుంటే, ఆ అనుకోవడం రాంగ్ అయినా సరే, అది థెఫ్ట్ కాదు."

వీడియోలో రాధారాణి వెళ్ళేముందు మిగతా బట్టల సంచులన్నీ ఒక్కొక్కటే వానలోంచి చూరు కిందకి లాగి పెట్టింది. దొంగెవరైనా అంత ఓపిగ్గా సంచులు సర్దుతారా అని అవని వాదన. ప్రాసిక్యూటర్ దానికి ఒకటే జవాబు చెప్పాడట. వీడియో ఏమైనా కానీండి, దొంగిలించానని ఆవిడే చెప్పింది కదా. తప్పు ఒప్పుకుంటే చిన్న ఫైన్‌తో ఇవాళే అయిపోతుంది, కానీ రికార్డులో దొంగతనం అని పడుతుంది, గ్రీన్‌కార్డు దగ్గర అదే అడ్డం తిరుగుతుంది. ఒప్పుకోకపోతే విచారణ.

రాధారాణి ఇదంతా తల వంచుకుని విన్నది. "ఫైన్ ఎంతైనా కడతాము. దొంగనని మాత్రం నా నోటితో చెప్పలేను మ్మా" అంది.

త్రివేణి ఆ మాటను ఇంగ్లీషు చేసింది, నోట్లో తడారి దగ్గొచ్చింది. రాధారాణి వెంటనే సంచిలోంచి ఖాళీ సీసా తీసుకుని లేచింది.

"గొంతు ఎండిపోయినట్టుంది నీకు. ఉండు, నీళ్ళు ఎత్తుకొస్తా."

వరండా చివర కుళాయి దగ్గరికి వెళ్ళింది. త్రివేణి కూర్చున్నచోటే బిగుసుకుపోయింది. కోర్టు కుళాయిలో నీళ్ళను ఎవరూ దొంగిలించరు. రాధారాణి తిరిగొచ్చి సీసా చేతికిచ్చాక, త్రివేణి అడిగింది. మీ ఊళ్ళో కూరగాయలు కూడా ఎత్తుకొస్తామనే అంటారా, అని.

"ఎత్తుకురాకపోతే వాటంతట అవే నడుచుకుంటా వస్తాయా?" అంది రాధారాణి నవ్వి. ఆ ఉదయం ఆవిడ నవ్వడం అదే మొదలు.

త్రివేణి నీళ్ళు తాగింది. చల్లగా ఉన్నాయి. తెచ్చానన్న మనిషిని దొంగిలించానందని చెప్పింది తను. తెనాలిలో ఆ మాటకున్న అర్థమే మదనపల్లెలోనూ ఉంటుందనుకుంది. ఒక్క ప్రశ్న, "అంటే ఏమిటమ్మా" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. పోపు మాడుతోందని అడగలేదు.

ఊరుకుంటే ఎవరికీ తెలీదు. రిపోర్టులో ఉన్నది ఇంగ్లీషే. అవనికి ఆ తేడా అందదు. చెబితే పదకొండేళ్ళ పేరు పోతుంది, పని ఇచ్చే ఏజెన్సీ నంబరు తీసేస్తుంది. ఇలా అనుకుంటూనే ఉంది, ఇంకోపక్క అవని చెప్పిన లెక్క బుర్రలో తిరుగుతోంది. ఇంతవరకూ జరిగింది పొరపాటు. వేరేవాళ్ళదని తెలియాలి, తెలిసి తిరిగివ్వకూడదనుకోవాలి. రాధారాణి మాట తన దగ్గరుంది. అది ఆవిడదని ఇప్పుడు తెలుసు. ఇక ఊరుకుంటే దాన్నేమంటారో వేరే చెప్పనక్కర్లేదు.

పేరు పిలిచారు. లోపలికి వెళ్ళారు. జడ్జి కాగితాలు తిరగేస్తుండగా త్రివేణి లేచి నిలబడింది. ఇంటర్‌ప్రెటర్ ఒక తప్పును సరిదిద్దాలనుకుంటోంది యువరానర్, అంది. రిపోర్టులో "దొంగిలించాను" అని ఉన్నచోట ముద్దాయి అన్న మాటకు వాళ్ళ ప్రాంతంలో "తెచ్చాను" అని అర్థం, అంతకు మించి ఏమీ లేదు, అంది.

జడ్జి కళ్ళద్దాలు తీశాడు. ఆ తప్పు చేసిన ఇంటర్‌ప్రెటర్ ఎవరని అడిగాడు.

"నేను" అంది త్రివేణి. కోర్టులో ఆ మాటను తన కోసం వాడుకోవడం అదే మొదటిసారి.

అంతటితో అయిపోతే బాగుండేది. కోర్టులో ఏం జరిగినా ముద్దాయికి తన భాషలో వినిపించాలి, అదీ నియమమే. త్రివేణి రాధారాణి వైపు తిరిగింది. "ఆ రోజు ఫోన్‌లో ఉన్నది నేనేనమ్మా. మీరు తెచ్చానన్నారు. మీరు దొంగిలించానన్నారని నేను చెప్పాను."

రాధారాణి ఆవిడ మొహంలోకి చూసింది. "అయితే ఈ రెండు నెలలూ నన్ను దొంగను చేసింది నువ్వామ్మా?" అంది. గొంతు పెరగలేదు.

ముద్దాయి ఏమన్నదని జడ్జి అడిగాడు. త్రివేణి అటు తిరిగి, ఒక్క అక్షరం తగ్గించకుండా, రాధారాణి "నేను"తోనే ఆ మాటను ఇంగ్లీషులో చెప్పింది. చెప్పడం పూర్తయ్యేసరికి కళ్ళు నిండిపోయాయి.

పోలీసాయన చొక్కా కెమెరాలో ఆ రోజు మాటలన్నీ ఉన్నాయి. చిత్తూరు వైపు యాస తెలిసిన ఇంకో ఇంటర్‌ప్రెటర్ చేత వినిపించి చూడమని జడ్జి మూడు వారాలు గడువిచ్చాడు. ఈలోగా ఏజెన్సీ నుంచి ఈమెయిల్ వచ్చింది, తమ విచారణ ముగిసేదాకా 4417కు పని ఇవ్వబోమని.

మూడు వారాల తరవాత త్రివేణి వెనక బెంచీలో ఓ మూల కూర్చుంది. రమ్మని ఎవరూ పిలవలేదు, ఇంట్లో ఉండబట్టక వచ్చింది. కేసు కొట్టేశారు. మిషన్ షాపుకు ఎప్పుడో వెళ్ళిపోయింది. అవని రాగిణికి కాగితాలు వివరిస్తుంటే, రాధారాణి మెల్లగా వెనక్కి వచ్చి త్రివేణి పక్కన కూర్చుంది.

"నీ మింద కోపం పోలేదు నాకు" అంది. "మనవరాలి మొగం జూసేకి సిగ్గయ్యేది."

త్రివేణి తలూపింది.

రాధారాణి కొంగుతో మొహం తుడుచుకుంది. చెయ్యి చాచి త్రివేణి చేతి మీద వేసింది.

"అయినా నా పరువు పోగొట్టింది నువ్వే, మళ్ళా ఎత్తుకొచ్చింది నువ్వే" అంది.

ఈసారి ఆ మాటను ఎవరికీ ఇంగ్లీషులో చెప్పాల్సిన పని లేకపోయింది.